వైవిధ్యమా, వైవిధ్యతా? ‘సమ్మిళితత్వం’ అంటే సరిపోతుందా?

సందేహం: చట్టాల ముసాయిదాలపై జనం అభిప్రాయాలు సేకరించి శాసనసభ్యులకూ అధికారులకూ చేరవేసే బృందం ఒకటి ఉంది. వాళ్ల కోసం శిక్షణ పుస్తకం తెలుగులో రాస్తున్నాను. డైవర్సిటీ, ఈక్విటీ, ఇంక్లూజన్ అనే మూడు మాటలు అందులో పేజీకోసారి వస్తాయి. నేను ‘వైవిధ్యత, సమానత్వం, సమ్మిళితత్వం’ అని రాశాను. ఒకరు మొదటిది తప్పన్నారు, మిగతావాళ్లు మూడూ అర్థం కాలేదన్నారు. ‘ప్రభుత్వ సంబంధాల్లో వైవిధ్యత, సమానత్వం, సమ్మిళితత్వాలను పురోగమింపజేయడం’ అనే అధ్యాయం పేరు, ‘సంప్రదింపుల ప్రక్రియలో అణగారిన వర్గాల సమ్మిళితత్వం నిర్ధారించబడాలి’ అనే వాక్యం సరైనవేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: ‘వైవిధ్యత’ తప్పే. వివిధ అనే విశేషణం నుంచి భావార్థంలో నామవాచకం చేయడానికి సంస్కృతంలో రెండు దారులున్నాయి. ‘త’ చేరిస్తే వివిధత. ‘ష్యఞ్’ అనే ప్రత్యయం చేరిస్తే మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి వైవిధ్యం. వైవిధ్యంలో ‘తనం’ ముందే ఉంది. దానికి మళ్లీ ‘త’ తగిలిస్తే మంచితనంతనం అన్నట్టు అవుతుంది. ప్రాధాన్యత, ప్రాముఖ్యత, నైపుణ్యత, సామ్యత అన్నీ ఈ కోవలోవే. ప్రాధాన్యం లేదా ప్రధానత అనాలి, నైపుణ్యం లేదా నిపుణత అనాలి. మీ పుస్తకంలో ప్రాతినిధ్యం, భాగస్వామ్యం కూడా తరచూ వస్తాయి కాబట్టి వాటికీ ఆ తోక తగలకుండా చూసుకోండి. ‘ప్రాధాన్యత’ నోటిమాటలో ఎంతగా పాతుకుపోయిందో నాకు తెలుసు, మాట్లాడేవాళ్లను ఆపి దిద్దమని చెప్పను. పదిమందికి నేర్పే పుస్తకంలో మాత్రం సరైన రూపమే ఉండాలి.

వైవిధ్యం అని సరిగ్గా రాసినా ఇంకో చిక్కుంది. ‘వైవిధ్యమైన అభ్యర్థులను ఎంపిక చేయాలి’ అని రాస్తున్నారు. తెలుగు పాఠకుడికి ‘వైవిధ్యమైన’ అనగానే సినిమా కబుర్లలోని ‘వైవిధ్యమైన పాత్ర’ గుర్తొస్తుంది. అంటే కొత్తరకంది, మామూలుగా కనిపించనిది అని అర్థం. ఒక మనిషిని అలా అంటే వింతమనిషి అన్నట్టు ధ్వనిస్తుంది. అసలు వైవిధ్యం ఒక మనిషికి ఉండే గుణం కాదు, గుంపుకు ఉండేది. ఎనిమిదిమంది ప్రతినిధుల బృందంలో వైవిధ్యం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఆ ఎనిమిదిమందిలో ఏ ఒక్కరూ ‘వైవిధ్యమైనవారు’ కారు. కాబట్టి ‘విభిన్న నేపథ్యాలవారిని ఎంపిక చేయాలి’ అనండి. ఇంకా మంచిది, ఏ విషయంలో భిన్నమో చెప్పేయడం: కులం, మతం, స్త్రీపురుష భేదం, వయసు, వైకల్యం, మాట్లాడే భాష, చేసే పని. అలా రాసినప్పుడే బృందంలో ఎవరు లేరో లెక్క తేలుతుంది. ‘విభిన్న’ను మనుషులకు నేరుగా తగిలించేటప్పుడు కూడా కొంచెం ఆలోచించండి. ‘విభిన్న ప్రతిభావంతులు’ అనే మాట వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ వ్యవహారంలో ఇప్పటికే వాడుకలో ఉంది.

ఈక్విటీకి సమానత్వం అని రాయడం మాత్రం కుదరదు. మీ పుస్తకం చెప్పదలచుకున్నదే ఆ రెండింటికీ ఉన్న తేడా. బహిరంగ విచారణలో మాట్లాడే ప్రతి ఒక్కరికీ మూడేసి నిమిషాలివ్వడం సమానత్వం. దుబాసీ ద్వారా మాట్లాడే మనిషికి ప్రతి మాటా రెండుసార్లు పలకాల్సి వస్తుంది. కాబట్టి ఆ మూడు నిమిషాల్లో ఆ మనిషి మాట ఒకటిన్నర నిమిషమే సాగుతుంది. ఆరు నిమిషాలిస్తేనే మిగతావారితో సమంగా మాట్లాడినట్టు. ఈ రెండో పద్ధతికి పేరు కావాలి. ‘సమన్యాయం’ అని కొందరు రాస్తున్నారు గానీ, ‘సమన్యాయ పాలన’ అంటే చట్టం ముందు అందరూ ఒక్కటే అని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవాళ్లకు అది మొదటి పద్ధతినే గుర్తు చేస్తుంది. ‘ఈక్విటీ’ అని తెలుగు లిపిలో రాసేస్తే షేర్ మార్కెట్ మాట అవుతుంది. ‘సామ్యం’ అంటే పోలిక. వీటన్నిటికన్నా ‘సమత’ నయం. అయితే ఆ మాట కూడా ఒంటరిగా నిలబడలేదు, సమానత్వానికి పొట్టి రూపమనుకునే ప్రమాదం ఉంది. అందుకే మొదటిసారి వచ్చినచోట ‘సమత, అంటే ఎవరి ఇబ్బందికి తగ్గ తోడ్పాటు వారికి అందించడం’ అని విప్పి చెప్పి, ఆ తర్వాత సమత అని వాడుకోండి. కొలత చెప్పాల్సినచోట మనకు ‘హెచ్చుతగ్గులు’ అనే చక్కని మాట ఉండనే ఉంది. ‘అసమానతల నివారణ’ అనేదానికంటే ‘హెచ్చుతగ్గులు సరిచేయడం’ అంటే ఏం చేయాలో కళ్లకు కడుతుంది.

ఇక అసలు ముడి ఇంక్లూజన్ దగ్గర ఉంది. సమ్మిళితం అంటే బాగా కలిసిపోయినది. పదకొండో పంచవర్ష ప్రణాళిక (2007–12) లక్ష్యంగా పెట్టుకున్న ‘ఇంక్లూజివ్ గ్రోత్’ను తెలుగులో ‘సమ్మిళిత వృద్ధి’ అనడంతో ఈ మాట పత్రికల్లో స్థిరపడింది. వృద్ధికి విశేషణంగా పరవాలేదు. మనుషులకు వాడితే మాత్రం నీళ్లలో ఉప్పు కలిసిపోయినట్టు ఆనవాలు లేకుండా కరిగిపోవడం అనే అర్థం తొంగిచూస్తుంది. మీరు చెప్పదలచింది దానికి సరిగ్గా ఎదురు: ఎవరి ఆనవాలు వారికి ఉంటూనే లోపల చోటు దొరకాలి. హిందీలో ‘సమావేశ్’ మాటను వాడతారని ‘సమావేశనం’ అందామంటే, మనకు సమావేశం అంటే మీటింగు. ‘చేరిక’ ఈమధ్య కనబడుతోంది. దీనికి రెండు అడ్డంకులున్నాయి. రాజకీయ వార్తల్లో ‘చేరికలు’ అంటే ఒక పార్టీ వదిలి ఇంకో పార్టీ కండువా కప్పుకోవడం. ప్రభుత్వంతో పనిచేసే బృందం పుస్తకంలో ఇది చిన్న గందరగోళం కాదు. రెండోది వ్యాకరణానికి సంబంధించింది, నాకు ఎక్కువ ముఖ్యమైంది. ‘చేరు’ అకర్మకం. చేరేవాడు తనంతట తానే వచ్చి చేరాలి, రాకపోతే తప్పు వాడిదే అవుతుంది. ‘చేర్చు’ సకర్మకం, చేర్చేవాడి బాధ్యత అందులో ఉంది. కానీ దాని నుంచి వచ్చిన ‘చేర్పు’ను ముసాయిదాల ‘మార్పులు చేర్పులు’ ఎప్పుడో పట్టుకుపోయాయి. ‘కలుపుగోలుతనం’ మనిషి స్వభావం, పద్ధతి పేరు కాదు.

నా సలహా, ఒక్క నామవాచకం కోసం వెతకడం మానేయండి. శీర్షికల్లో ‘అందరికీ చోటు’ అని పెట్టండి. లోపల మాత్రం పని ఏ మెట్టు మీద ఉందో చూసి క్రియ వాడండి. సంప్రదింపులకు పిలిచి కూర్చోబెట్టడం చోటివ్వడం. వాళ్లు చెప్పింది విజ్ఞాపనలోకి ఎక్కించడం మాటకు విలువివ్వడం. తుది వినతిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అనే నిర్ణయంలో వాళ్లు పాలుపంచుకోవడం మూడో మెట్టు. ఇంక్లూజన్ అనే ఒక్క మాట ఈ మూడింటినీ కప్పేస్తుంది. మొదటి మెట్టు మీద ఆగిపోయినవాళ్లు కూడా మూడో మెట్టు ఎక్కామని రాసుకోవడానికి వీలిస్తుంది. ‘మా గురించి మేం లేకుండా ఏదీ వద్దు’ అని వికలాంగుల హక్కుల ఉద్యమం చెప్పింది మూడో మెట్టు గురించే. క్రియలు వాడే తెలుగులో ఆ దాపరికం సాగదు. ఇది మన భాషకున్న బలం, దాన్ని వదులుకోవద్దు.

ఇప్పుడు మీ వాక్యం. ‘అణగారిన వర్గాల సమ్మిళితత్వం నిర్ధారించబడాలి.’ ముందు ‘నిర్ధారించు’. దానికి నిజమో కాదో తేల్చడం అని అర్థం: మరణాన్ని వైద్యులు నిర్ధారిస్తారు. జరిగేలా చూడడం దాని అర్థం కాదు. తర్వాత ‘-బడాలి’. ఈ కర్మణి ప్రయోగంలో చేసేవాడు మాయమయ్యాడు. చూడాల్సింది మీ బృందమా, అధికారులా, ఇద్దరూనా? ‘అణగారిన’ కూడా గమనించండి. అణగారడం అకర్మకమే, మంట దానంతటదే అణగారుతుంది. అణచినవారు ఈ మాటలో కనబడరు. ‘బలహీన వర్గాలు’ అంటే ఇంకో మెట్టు దిగి, లోపం వాళ్ల ఒంట్లోనే ఉందన్నట్టు అవుతుంది. ‘ప్రాతినిధ్యం దక్కనివారు’ అనండి. ‘లేనివారు’ కాదు, ‘దక్కనివారు’: దక్కాల్సి ఉందనే అర్థం ‘దక్కు’లోనే ఉంది. ఒక సమూహానికి తమను తాము పిలుచుకునే పేరుంటే ముందు దాన్నే వాడాలి. ‘దివ్యాంగులు’ అనే మాట కొందరికి గౌరవంగా తోస్తే, తమ ఇబ్బందిని దైవానికి ముడిపెట్టారని మరికొందరు నొచ్చుకుంటారు. అడిగి రాయడం ఒక్కటే మార్గం.

అదే వాక్యాన్ని చేసేవాడు కనబడేలా ఇలా రాసి చూశాను: ‘ముసాయిదా చేతికందగానే, దానివల్ల ఎవరి బతుకు మారుతుందో ఆ వర్గాల జాబితాను సమన్వయకర్త రాస్తారు. సమావేశానికి కనీసం 10 రోజుల ముందు వారికి ముసాయిదా సారాంశాన్ని వారి భాషలో పంపుతారు. దారి ఖర్చులూ, పోయిన రోజు కూలీ అదే రోజు చెల్లిస్తారు. సంజ్ఞా భాష అవసరమైతే, 20 నిమిషాలకోసారి మారడానికి వీలుగా ఇద్దరు దుబాసీలను పిలుస్తారు. వారు చెప్పినవాటిలో ఏవి వినతిలోకి ఎక్కాయి, ఏవి ఎందుకు ఎక్కలేదు అనేది వినతి ఇచ్చే ముందే వారికి తిరిగి చెబుతారు.’ ఒక్క వాక్యం ఐదయ్యింది. నిడివి పెరిగిందని బాధపడకండి. మొదటి వాక్యంలో ఈ ఐదు పనుల్లో ఒక్కటీ లేదు. అది చదివిన మనిషి మర్నాడు ఆఫీసుకొచ్చి ఏం చేయాలో తేల్చుకోలేడు. అర్థం కాలేదన్న మీ పాఠకులు ఆగిపోయింది అక్కడే, పదాలు కఠినమై కాదు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇలాంటి బృందాల మినిట్స్‌లో తరచూ కనిపించే తీరు ఇది: ‘కార్యదర్శిగారు ప్రశ్నించారు. కార్మికురాలు బదులిచ్చింది. ఒక రైతు అభ్యంతరం చెప్పాడు.’ అధికారికి ‘-రు’, జనానికి ‘-డు’, ‘-ది’. సమత గురించి అధ్యాయం రాసే పుస్తకంలో ఈ మూడు క్రియాంతాలు పక్కపక్కనే ఉంటే, అధ్యాయం చెప్పినదాన్ని క్రియలు కొట్టేస్తాయి. మాట్లాడినవారందరికీ ‘అన్నారు, అడిగారు, చెప్పారు’ అని రాయమని ఒక నియమం పెట్టండి. ఇందులో ఇంకో లాభం ఉంది: బహువచన రూపంలో ఆడా మగా తేడా ఉండదు కనుక, తమను స్త్రీగానో పురుషుడిగానో చెప్పుకోనివారికీ అదే రూపం సరిపోతుంది. పదవుల పేర్లు కూడా అంతే. ప్రతినిధి, కార్యదర్శి, ఉద్యోగి, అధికారి అందరికీ చెల్లుతాయి. వాటికి ‘మహిళా’ తగిలించనక్కర్లేదు. చైర్మన్ బదులు అధ్యక్షులు అనండి.

మేము, మనం అనే తేడా ఎన్నో భాషలకు లేదు, మనకుంది. వినేవారిని వదిలేస్తే మేము, కలుపుకుంటే మనం. సమావేశానికి వచ్చినవారితో ‘మీ సమస్యను మేము ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్తాం’ అంటే, వాళ్ల పని అక్కడితో అయిపోయిందని అర్థం. ‘మనం తీసుకెళ్దాం’ అంటే వాళ్లలో కొందరు మీ వెంట అధికారి గదిలోకి రావాలి. వాళ్లు వచ్చేటట్టు ఏర్పాటు చేయకుండా ‘మనం’ వాడకండి. అలాగే ఆ ఇబ్బంది పడనివారు ‘మనం పడుతున్న ఇబ్బంది’ అనడం కూడా సరికాదు. వినతిపత్రం మీద ఆ ఇబ్బంది పడినవారి సంతకాలుంటే ‘మేము’ అని రాయండి, లేకపోతే ‘వారు’ అని రాయండి.

‘ప్రభుత్వ సంబంధాలు’ కూడా నాకు నచ్చలేదు. ఆ సమాసాన్ని విన్నవాళ్లు షష్ఠిగా విడదీసుకుంటారు: ప్రభుత్వం యొక్క సంబంధాలు, అంటే ఒక ప్రభుత్వానికి ఇంకో ప్రభుత్వంతో ఉన్నవి. ‘ప్రభుత్వ సంబంధాల అధికారి’ అని కార్డు మీద వేయించుకుంటే, సమాచార పౌర సంబంధాల శాఖను ఎరిగిన జనం ఆ మనిషిని సర్కారు ఉద్యోగి అనుకుంటారు. ‘తో’ పైకి కనబడాలి: ప్రభుత్వంతో సంప్రదింపులు. దీనికి పాత వాడుక మాట పైరవీ. పారసీలో వెంట నడవడం అనే మంచి అర్థంతో పుట్టి, ఒక పనిని పట్టుకుని తిరగడంగా మారి, చివరికి దొడ్డిదారికి పేరైంది. లాబీయింగ్ కూడా తెలుగు చెవికి అటువైపే ఒరిగి వినిపిస్తుంది. చట్టబద్ధంగా, పదిమందికీ తెలిసేలా చేసే పనికి ఆ రెండూ వద్దు.

అధ్యాయం పేరు ‘ప్రభుత్వంతో సంప్రదింపుల్లో వైవిధ్యం, సమత, అందరికీ చోటు’ అని ఉంచండి. ‘పురోగమింపజేయడం’ తీసేయండి, పురోగమించేది మనిషో పనో గానీ వైవిధ్యం కాదు. క్రియ ఉండి తీరాలంటే ‘పెంపొందించడం’ చాలు. డైవర్సిటీ, ఈక్విటీ, ఇంక్లూజన్‌లకు డీఈఐ అనే పొట్టి రూపాన్ని తెలుగులో వాడుకోవచ్చు, తొలిసారి వచ్చినచోట విప్పి రాస్తే సరి. మూడు తెలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి కొత్త సంక్షిప్తం కట్టకండి, దాన్ని విప్పగలిగేది మీరొక్కరే అవుతారు.