దుమ్ము గురించి రాస్తున్న తమ్ముడికి

చి. సుధీర్‌కు,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా ఉంది. కానీ మొదటి నుంచి చివరిదాకా గెలాక్సీల్లోని దుమ్ము విలన్‌లాగే కనిపిస్తోంది. నక్షత్రాల వెలుగును మింగేస్తుందన్నావు, నిజమే. మింగి ఏం చేస్తుందో మాత్రం చెప్పలేదు. కథంతా అక్కడే ఉందిరా.

పొయ్యి పొగలోని మసిలాంటి సన్నటి రేణువులవి, కర్బనం, సిలికేట్లు. కొత్త నక్షత్రాల అతినీలలోహిత కాంతిని పీల్చి, సాధారణంగా 35 కెల్విన్, అంటే మైనస్ 238 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. (దీన్ని వేడెక్కడమంటే పాఠకుడు నవ్వుతాడు. నవ్వనీ, గుర్తుంటుంది.) ఆ వేడిని పరారుణ కాంతిగా వదిలేస్తాయి. విశ్వంలో నక్షత్రాలు ఇప్పటిదాకా ఇచ్చిన వెలుగులో దాదాపు సగం ఇలా దుమ్ము చేతుల మీదుగా వచ్చిందే. దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, వెయ్యి కోట్ల ఏళ్ల కిందట నక్షత్రాలు జోరుగా పుట్టిన కాలం మనకు సగం కూడా కనపడదు.

ఎత్తుగడ మార్చు. 1995 డిసెంబరులో హబుల్ సప్తర్షి మండలంలో చిన్న ముక్కను పది రోజులపాటు చూసి వేల గెలాక్సీలను పట్టింది. 1998లో హవాయిలోని మౌనా కియా మీదున్న జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ టెలిస్కోప్ అదే ముక్కను 850 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే దూరపు గెలాక్సీల దుమ్ము వెలుగు అందే చోట, చూస్తే తేలినవి ఐదే చుక్కలు. అందులో అన్నిటికన్నా ప్రకాశవంతమైనదానికి హబుల్ ఫొటోలో జాడే లేదు! దాని దూరం తేలేసరికి 2012 వచ్చింది. విశ్వానికి సుమారు 110 కోట్ల ఏళ్లున్నప్పుడు బయల్దేరిన వెలుగది. సూర్యుడిలాంటి నక్షత్రాలు ముసలివై దుమ్ము ఊదాలంటే అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. మరి అంత దుమ్ము ఎక్కడిది? అనుమానం సూపర్‌నోవాల మీదికి, అంటే పేలిపోయే నక్షత్రాల మీదికి పోతుంది. 1987లో పేలిన సూపర్‌నోవా శిథిలాల్లో చిలీలోని ఆల్మా టెలిస్కోప్ కొత్త దుమ్మును పెద్దమొత్తంలో చూసింది కూడా. ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగు, తొందరపడి జవాబు మూసెయ్యకు.

ఒక్క జాగ్రత్త. గెలాక్సీలో నక్షత్రాలు పుట్టే వేగం గురించి "ఏడాదికి వెయ్యి సూర్యుళ్లంత" అని రాశావు. ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర కొలిచి, దుమ్ము ఉష్ణోగ్రతను ఊహించుకుని కట్టే లెక్కలు చాలా ఉంటాయి. 35కి బదులు 45 కెల్విన్ అనుకుంటే నక్షత్రాలు పుట్టే వేగం రెండింతలు దాటిపోతుంది. ఆ ఊహ ఏమిటో అదే వాక్యంలో చెప్పు, బ్రాకెట్లో దాచకు.

కృష్ణబిలాల పేరా తీసెయ్. బాగానే రాశావు గానీ అది వేరే వ్యాసం. సరిచేశాక మళ్లీ పంపు, బొమ్మల సంగతి అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య