ఉగాండా వెళ్ళే అమ్మానాన్నలకి వీసా కన్నా ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ఇదీ: తమ్ముడు ఉగాండాలో చేపల పెంపకం పనిలో ఉన్నాడు, భీమవరం నుంచి అమ్మానాన్న మూడు వారాలు ఉండేలా వెళ్ళొద్దామనుకుంటున్నారు, నాన్నగారికి 63 ఏళ్ళు, షుగర్ ఉంది. వీసాకి ఏం కావాలి, టీకాలేవి, అక్కడ భయపడాల్సినదేమైనా ఉందా అని.

నేను పాలకొల్లువాణ్ణి. విక్టోరియా సరస్సులో కేజ్‌లు కట్టి తిలాపియా పెంచే కంపెనీలో మూడేళ్ళు చేసి వచ్చాను. నాకు ఎదురైనవే రాస్తున్నాను. మందుల విషయం మాత్రం డాక్టర్ చెప్పిందే ఫైనల్ అండి.

మన వైపు విదేశం అంటే గల్ఫే కాబట్టి పాస్‌పోర్టు, వీసా, టికెట్ అనే వరసలోనే ఆలోచిస్తాం. ఉగాండాకి వరస వేరు. పాస్‌పోర్టు తర్వాత ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక వైరస్ జ్వరం) టీకా, ఆ తర్వాతే వీసా. ఎందుకంటే ఆన్‌లైన్ దరఖాస్తులోనే ఆ టీకా కార్డు స్కాన్ చేసి పెట్టమంటారు. కార్డేమో టీకా వేసిన పది రోజుల తర్వాత గానీ చెల్లదు. నా వీసా కాగితాలన్నీ కంపెనీవాళ్ళే చూసుకోవడంతో ఈ సంగతి తెలియక, ప్రయాణం వారం ఉందనగా తీరిగ్గా వెళ్ళి వేయించుకున్నాను. టికెట్ తేదీ మార్చుకోడానికి అయిన డబ్బు దండుగ. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. 2016 జూలైకి ముందు పదేళ్ళే ఉండేది, అందుకే పాతవాళ్ళు ఇంకా పదేళ్ళనే చెబుతుంటారు.

ఈ టీకా మన ఊళ్ళో ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు. కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉన్న చోటే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖలో అయితే పోర్టు ఆరోగ్య కార్యాలయం. బయల్దేరే ముందే ఏ రోజుల్లో వేస్తారో కనుక్కోండి. ఒక సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి, అందుకని ఒక్కరి కోసం సీసా విప్పరు. ఒరిజినల్ పాస్‌పోర్టు మర్చిపోవద్దు, దాని నంబరు కార్డు మీద రాస్తారు.

నాన్నగారి సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. ఇది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్ళకి తీవ్రమైన రియాక్షన్ వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. షుగర్ ఉన్నంత మాత్రాన వేయరని కాదు గానీ, కోడిగుడ్డు పడకపోవడం, స్టెరాయిడ్లు వాడటం, రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బులు ఉండటం లాంటివి ముందే చెప్పాలి. వద్దంటే డాక్టర్ మినహాయింపు రాసిస్తారు, కానీ దాన్ని ఒప్పుకోవడం సరిహద్దులో అధికారుల చేతిలో పని. ఇంకో మెలిక ఉంది: వెళ్ళేటప్పుడు కన్నా వచ్చేటప్పుడే ఈ కార్డుతో మనకి ఎక్కువ పని. ఉగాండా నుంచి కార్డు లేకుండా దిగితే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. దుబాయ్ మీదుగా వచ్చినా తప్పదు. టీకా డాక్టర్ సరే అనేదాకా నాన్నగారి టికెట్ కొనకండి.

వీసా దీనంత కష్టం కాదు. పాస్‌పోర్టుకి ఆరు నెలల పైగా గడువు ఉండాలి. దరఖాస్తు ఆ దేశ ఇమ్మిగ్రేషన్ వాళ్ళ సైట్లోనే, చివర 'డాట్ గో డాట్ యూజీ' ఉన్నదాంట్లోనే పెట్టండి. అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు బోలెడు, రెట్టింపు గుంజుతాయి. మావాళ్ళు వచ్చినప్పుడు టూరిస్టు వీసాకి మనిషికి 50 డాలర్లు కట్టాం. తమ్ముడి దగ్గర నుంచి ఆహ్వాన లేఖ, అతని పర్మిట్ కాపీ తెప్పించండి. ఆమోదం వచ్చిన కాగితం ప్రింటు చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఉందిలే అనుకోవద్దు.

ఇక అసలు సంగతి. దోమలు మనకి కొత్తా? బోదకాలు మాత్రలు మింగుతూ పెరిగినవాళ్ళం. సరిగ్గా ఆ ధీమాయే నన్ను దెబ్బతీసింది. మన మురుక్కాలవల్లో పుట్టి బోదకాలు తెచ్చే దోమ వేరు, అక్కడ చీకటి పడ్డాక కుట్టే మలేరియా దోమ వేరు. ఉగాండాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం మలేరియా, మెదడుకెక్కే రకం. అక్కడే పుట్టి పెరిగి మాటిమాటికీ మలేరియా వచ్చినవాళ్ళ ఒంట్లో కొంత తట్టుకునే శక్తి ఉంటుంది. గోదావరి దోమలు ఎంత కుట్టినా మనకి ఆ తట్టుకునే శక్తి రాదు.

నేను సెలవుకి ఇంటికొచ్చిన ఎనిమిదో రోజున చలిజ్వరం పట్టుకుంది. రాకకి ముందే ముందుజాగ్రత్త మాత్రలు ఆపేశాను, ఇంటికి వెళ్తున్నాం కదా ఇంకెందుకని. వీధి చివర ఆర్‌ఎంపీ గారు టైఫాయిడ్ అన్నారు, సెలైన్ ఎక్కించారు. మూడు రోజులు అలా పోయాయి. నాలుగో రోజు నేను మాట తడబడుతుంటే మా బావ భయపడి కారులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఈమధ్య ఎక్కడికైనా వెళ్ళొచ్చారా?" అని. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రక్తపరీక్షలో ఫాల్సిపారం. ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు, ఐసీయూలో రెండు రాత్రులు.

కాబట్టి మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు వెళ్ళేముందే రాయించుకోండి. ఏ రకమైనా తిరిగొచ్చాక కూడా కొనసాగించాలి, కొన్ని వారం, కొన్ని నాలుగు వారాలు. నాన్నగారు షుగర్, బీపీకి వాడేవన్నీ ఆ డాక్టర్‌కి చూపించాలి. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, దోమలు దగ్గరికి రాకుండా చేసే డీట్ అనే మందు ఉన్న క్రీము, రాత్రి దోమతెర. తిరిగొచ్చాక జ్వరమొస్తే అదే రోజు మలేరియా పరీక్ష, డాక్టర్ అడిగినా అడక్కపోయినా ఉగాండా వెళ్ళొచ్చామని చెప్పడం. నాన్నగారి షుగర్ ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాసిపెట్టండి. కొన్ని నెలల తర్వాత వచ్చే మలేరియా కూడా ఉంటుంది.

రెండోది నీళ్ళు. కాటన్ దొర కాలువల్లో ఈత కొట్టినవాళ్ళం, నీళ్ళు కనిపిస్తే కాళ్ళు కడుక్కోబుద్ధవుతుంది. విక్టోరియా సరస్సు ఒడ్డున ఆ పని వద్దు. అక్కడి నత్తల్లోంచి వచ్చే కంటికి కనిపించని పురుగు చర్మం గుండా ఒంట్లోకి దూరిపోతుంది. బిల్హార్జియా అంటారు. గాయం అక్కర్లేదు, మోకాలి లోతు నీళ్ళల్లో కాసేపు నిలబడితే చాలు. మా కంపెనీలో బూట్లు లేకుండా ఒడ్డున వల లాగిన కుర్రాడికి కొన్ని నెలలకి మలంలో రక్తం పడింది. ప్రాజిక్వాంటెల్ మాత్రతో తగ్గింది.

తమ్ముడు తప్పకుండా జింజా తీసుకెళ్తాడు. నైలు నది సరస్సులోంచి బయటికి వచ్చే చోటు అది. 1948లో గాంధీగారి అస్థికల్లో కొంత అక్కడా కలిపారు, విగ్రహం ఉంది. మన పెద్దవాళ్ళకి అది చూడగానే పుష్కర స్నానం బుద్ధి పుడుతుంది. మా నాన్న పంచె పైకి కట్టేసి రెండు మెట్లు దిగిపోయాక పట్టుకుని ఆపాను. పడవలోంచి దణ్ణం పెట్టుకుంటే చాలని ముందే చెప్పి ఉంచండి.

భయపడాల్సినవాటిలో దొంగల సంగతీ ఉంది. ట్రాఫిక్‌లో కారు అద్దం దించి ఫోన్ మాట్లాడకండి, నాది అలాగే పోయింది. దానికన్నా ప్రమాదం బోడా బోడాలు, అంటే బైకు టాక్సీలు. పెద్దవాళ్ళని ఎక్కించొద్దు. ఎబోలా 2022లోనూ, 2025 మొదట్లోనూ వచ్చి తగ్గింది, కాబట్టి టికెట్ కొనే ముందు ఒకసారి, బయల్దేరే వారం ఒకసారి వార్తలు చూసుకోండి. గబ్బిలాల గుహలు చూపిస్తామంటే వద్దనండి. ఆసుపత్రి ఖర్చులకి ట్రావెల్ ఇన్సూరెన్స్ చేయించండి, అందులో షుగర్ ఉందని దాచకుండా రాయండి. మందులు చీటీతో సహా చేతిసంచిలోనే.

అన్నట్టు స్వెట్టర్లు పెట్టండి. భూమధ్యరేఖ ఆ దేశం మీదుగానే పోతుంది గానీ కంపాలా దాదాపు 1200 మీటర్ల ఎత్తులో ఉంది. రోహిణి కార్తెలో మనం ఇక్కడ ఉడికిపోతుంటే అక్కడ సాయంత్రం చలేస్తుంది. తిండికి అమ్మగారు బెంగపెట్టుకోనక్కర్లేదు. రావులపాలెం మార్కెట్ గుర్తొచ్చేలా ఎక్కడ చూసినా గెలలే. పచ్చి అరటికాయని ఆవిరి మీద ఉడికించి మెదిపి, మటోకె అని, అన్నంలా పెట్టుకు తింటారు. కాస్త కందిపొడి, నెయ్యి పట్టుకెళ్తే నాన్నగారికీ దాంతో గడిచిపోతుంది, ఎంత తినొచ్చో షుగర్ డాక్టర్‌ని అడిగి.