వెయిటర్ కాస్త వైన్ పోసి నిలబడితే ఏం చేయాలి?

ఇటాలియన్ రెస్టారెంట్లో వెయిటర్ గ్లాసులో కాస్త వైన్ పోసి నిలబడితే ఏం చెప్పాలో తెలియలేదని, పైగా పాస్తా మరీ కొంచెమే పెట్టారని రాశారు. కంగారు అక్కర్లేదండీ. ఆయన అడిగేది వైన్ నచ్చిందా అని కాదు, సీసా పాడవలేదు కదా అని. గ్లాసు నెమ్మదిగా తిప్పి వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్కు వల్ల చెడిందన్నమాట. మొహమాటపడకుండా మార్చమనండి. బాగుంటే తలూపితే చాలు.

ఇటలీ భోజనం వరసలో పాస్తాను ప్రీమో అంటారు, అంటే మాంసం, చేపల కంటే ముందొచ్చే వంటకం. అందుకే తక్కువ పెడతారు. గుడ్డు కలిపి చేత్తో చేసిన తాజా పాస్తా 2-3 నిమిషాల్లోనే ఉడుకుతుంది, చల్లారితే అంటుకుపోతుంది. రాగానే తినేయండి. ఈసారి టాలియాతెల్లే విత్ రగూ చెప్పండి, టాలియాతెల్లే వెడల్పు రిబ్బన్లకు రగూ అనే మాంసం సాస్ చక్కగా పట్టుకుంటుంది. తోడుగా కియాంతి అనే ఇటలీ రెడ్ వైన్ అడగండి. అందులోని పులుపు రగూ జిడ్డును భలే విరిచేస్తుంది.