ఎంపీ ఆఫీసులో చేరిన మా తమ్ముడి బిడ్డకు: పార్లమెంటు ప్రశ్న ఎట్లా రాయాలి

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన దీవెనలు.

ఎంపీ గారి ఆఫీసులో చేరావని, పార్లమెంటుకు ప్రశ్నలు తయారు చేసే పని నీకే అప్పజెప్పారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మస్తు సంతోషమైంది. ఆ ఆఫీసులో రైలు రిజర్వేషన్ లెటర్లు, ఆస్పత్రి ఫోన్లు, బదిలీల సిఫారసులు, పెళ్లి పిలుపులతోనే పొద్దు గడిచిపోతుంది. ప్రశ్నల పని అడిగేవాడు ఉండడు కాబట్టి గడువు ముంచుకొచ్చిన రోజు రాత్రి ఏదో ఒకటి రాసి పంపేస్తుంటారు. ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెప్తున్నా, పొద్దున జనం రాకముందు ఒక గంట దీనికే పెట్టుకో.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఢిల్లీలో మాట వినపడటానికి మన నల్లగొండ జనం పడ్డ తిప్పలు నీకు తెలియాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మన సీటుకు 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని జలసాధన సమితి పిలుపునిస్తే, గెలవమని తెలిసి కూడా ఊళ్లల్లో వాళ్లు నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. తమ ఊరి బోరు నీళ్ల సంగతి ఢిల్లీలో ఎవరైనా ఎత్తాలని వాళ్లు అంత దూరం పోయారు. ఇవాళ నువ్వు రాసిన ప్రశ్న సభ జాబితాలోకి ఎక్కితే కేంద్ర మంత్రి బాధ్యతతో జవాబు ఇవ్వాల్సి ఉంటుంది. అట్లాంటిదాన్ని ఆదరాబాదరాగా రాయొద్దు.

లోక్‌సభ రూల్స్ త్వరగా చెప్పేస్తా, మిగతావి నెల తిరిగేలోపు నీకే అలవాటవుతాయి. ఒక సభ్యుడు ఒక రోజు సమావేశానికి ఐదు ప్రశ్నల దాకా నోటీసు ఇవ్వొచ్చు. కనీసం 15 రోజుల ముందు అందాలి. ప్రశ్న 150 మాటలు దాటొద్దు. ఏ మంత్రిత్వ శాఖ ఏ రోజు జవాబు చెప్తుందో ముందే పట్టిక ఇస్తారు, దాన్ని నీ టేబుల్ ముందు అతికించుకో. అందరి నోటీసులూ లాటరీలో వేస్తారు. రోజుకు 20 ప్రశ్నలు స్టార్డ్‌గా, 230 అన్‌స్టార్డ్‌గా వస్తాయి. స్టార్డ్ అంటే మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. అన్‌స్టార్డ్‌కు రాతపూర్వక జవాబు సభ ముందు పెడతారు.

మీ సార్ సహజంగానే స్టార్డ్ కావాలంటారు, టీవీలో కనపడతారు కదా. ఇవ్వు, తప్పు లేదు. కానీ ఆ 20లో నోటితో జవాబు వచ్చేదాకా పోయేవి కొన్నే. నన్నడిగితే అన్‌స్టార్డ్‌నే నమ్ముకో. చప్పట్లు ఉండవు గానీ శాఖ పేరుతో, తేదీతో, అంకెలతో ఒక కాగితం నీ చేతికొస్తుంది. మన జిల్లాకు అక్కరకొచ్చేది ఆ కాగితమే.

ఇక అసలు సంగతి. ప్రశ్న రాసే ముందు దానికి రాబోయే జవాబును నువ్వే రాసి చూసుకో. ఉదాహరణకు, కొత్తగా వచ్చినవాళ్లందరూ రాసే ప్రశ్న ఇట్లా ఉంటుంది: "నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య తీవ్రంగా ఉన్నట్లు ప్రభుత్వానికి తెలుసా? తెలిస్తే తీసుకుంటున్న చర్యలేమిటి?" ఇప్పుడు నువ్వు శాఖలో అధికారివనుకో. దీనికి జవాబు రాయడం ఎంత సులువో చూడు. తాగునీరు రాష్ట్ర అంశం, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ కింద రాష్ట్రాలకు సాయం చేస్తున్నాం, మార్గదర్శకాలు ఇచ్చాం. మూడు పేజీలు వస్తాయి, అందులో మన జిల్లా మండలాలైన మర్రిగూడ పేరు గానీ మునుగోడు పేరు గానీ ఉండదు. అది అధికారి తప్పని నేననను. మనం అడిగింది చర్యల గురించి, అతను చర్యలే చెప్పాడు.

అదే ప్రశ్నను రెండుగా కొయ్యి. నీళ్లు జలశక్తి శాఖవి, ఆ నీళ్లతో ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్ రోగం ఆరోగ్య శాఖది. రెండూ ఒకే ప్రశ్నలో పెడితే ఏ శాఖా రెండో సగానికి సరిగ్గా జవాబివ్వదు. జలశక్తి శాఖకు ఇట్లా రాయి: లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న ఆవాసాలు నల్లగొండ జిల్లాలో మండలాలవారీగా ఎన్ని, ఆ నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, పరీక్షించిన నమూనాలు ఎన్ని. ఆరోగ్య శాఖకు వేరే రోజు, వేరే ప్రశ్న: జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం కింద గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో జిల్లాకు విడుదలైన సొమ్ము, ఖర్చయిన సొమ్ము ఏడాదివారీగా ఎంత, జిల్లాలో ఆ కార్యక్రమానికి ఎన్ని పోస్టులున్నాయి, ఎన్ని ఖాళీ, గుర్తించిన రోగులు ఎంతమంది, వాళ్లలో శస్త్రచికిత్స గానీ ఊతకర్రల్లాంటి పరికరాలు గానీ అందినవాళ్లు ఎంతమంది.

ఈ రెండోది ముఖ్యం బిడ్డా. ఇంటికి నల్లా వచ్చింది, కృష్ణా నీళ్లు వచ్చాయి, కాబట్టి సమస్య తీరిందని లెక్కల్లో రాసుకుంటారు. నీళ్లు మారితే పుట్టబోయే పిల్లలకు మేలే, ఎవరూ కాదనరు. కానీ ఇప్పటికే నడుం వంగిపోయి, మోకాళ్లు బిగుసుకుపోయి మంచం పట్టినవాళ్లు ఆ నల్లా లెక్కలో ఎక్కడా లేరు. వాళ్లను లెక్కలోకి తెచ్చేది ఆరోగ్య శాఖ ప్రశ్నే. "ఎంతమంది" అని అడిగితే అంకె చెప్పాలి, లేదంటే లెక్క లేదని ఒప్పుకోవాలి. రెండింట్లో ఏది వచ్చినా మనకు పని జరిగినట్టే.

"ఇది రాష్ట్ర అంశం" అన్న జవాబు నీకు బాగా తగులుతుంది. ఎక్కువసార్లు అది నిజం కూడా. అందుకే విషయంలో కేంద్రం చెయ్యి ఎక్కడుందో వెతికి అక్కడే ప్రశ్న పెట్టు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు కదా. సొరంగం రాష్ట్రానిది. కానీ అది పోయేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం కింద నుంచి, ఆ అనుమతులు కేంద్ర పర్యావరణ శాఖ చూస్తుంది. జియలాజికల్ సర్వే కేంద్రానిది, విపత్తుల్లో జనాన్ని కాపాడే ఎన్డీఆర్ఎఫ్ కేంద్రానిది. ఏ సంస్థ ఏ తేదీన ఏ నివేదిక ఇచ్చిందని అడిగితే తప్పించుకునే సందు ఉండదు.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం సంగతీ అంతే. 2015 జూన్‌లో కరివెన దగ్గర శంకుస్థాపన అయింది. దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటిస్తారా అని అడిగినవాళ్లు ఎందరో, కుదరదనే జవాబు వస్తుందని నీకు ముందే తెలుసు. కృష్ణా ట్రిబ్యునల్ ముందున్న నీటి వాటాల మాట ఎత్తితే ప్రశ్ననే పక్కన పెడతారు. కేంద్ర జలసంఘానికి డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) ఎప్పుడు అందింది, ఏ ఏ పరిశీలనలు ఏ తేదీన రాష్ట్రానికి పంపారు, వాటికి సమాధానం ఎప్పుడు వచ్చింది అని అడుగు. ఆలస్యం ఏ టేబుల్ దగ్గర జరిగిందో తేదీలే చెప్తాయి, మనం ఎవర్నీ తిట్టనక్కర్లేదు.

తిట్టడం అంటే గుర్తొచ్చింది. ప్రశ్నలో వాదన, ఆరోపణ, వెటకారం ఉంటే ఒప్పుకోరు. మంత్రి అభిప్రాయం అడిగితే ఒప్పుకోరు. "అలా జరిగితే ఏం చేస్తారు" అన్నా ఒప్పుకోరు. ఇదివరకే జవాబిచ్చిన దాన్నే మళ్లీ అడిగినా పోతుంది. అందుకని ప్రతి ప్రశ్నకు ముందు పార్లమెంటు వెబ్‌సైట్‌లో పాత జవాబులు వెతుకు. మన జిల్లావే కాదు, రాజస్థాన్ సభ్యులు అడిగిన ఫ్లోరైడ్ ప్రశ్నలూ చదువు. వాళ్లకొచ్చిన జవాబు చివర అనుబంధంలో రాష్ట్రాలవారీ పట్టిక ఉంటుంది, అందులో మన లైను కూడా ఉంటుంది. చాలామంది మొదటి పేజీ చదివి మూసేస్తారు. నువ్వు అనుబంధం నుంచే మొదలుపెట్టు.

జవాబులో "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు పెడతాం" అని వస్తే నిరాశపడొద్దు. అది హామీ కిందికి వస్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, దాన్ని వెంటాడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఒక రిజిస్టరు పెట్టుకుని ప్రశ్న నంబరు, తేదీ, వచ్చిన హామీ, మూడు నెలల గడువు రాసుకో. ఈ చిన్న పని చేసే ఆఫీసులు తక్కువ, చేసిన చోట ఫలితం నేను కళ్లారా చూశాను. ఇచ్చిన జవాబే అరకొరగా ఉండి విషయం పెద్దదైతే, అరగంట చర్చకు నోటీసు ఇవ్వమని సార్‌కు గుర్తుచెయ్యి.

జవాబు ఢిల్లీలో ఆగిపోకుండా చూడు. తెలుగులోకి మార్చి, ఒక పేజీకి కుదించి, ఆ ఊరి పీహెచ్‌సీకి, మండల ఆఫీసుకు, మనకు ఆ విషయం చెప్పిన మనిషికి పంపు. "మీ మండలంలో ఇంతమందికి పరికరాలు ఇచ్చామని కేంద్రం చెప్పింది" అని చదివితే ఆశా వర్కరే చెప్పేస్తుంది అందులో ఎంత నిజమో. తర్వాతి సమావేశాలకు నీ ప్రశ్న అక్కడే పుడుతుంది. కొయ్యలగూడెం మగ్గాల దగ్గర, పాలమూరు నుంచి పుణెకు వలసపోయి వచ్చిన కుటుంబాల దగ్గర కూర్చుని వినకుండా నూలు సబ్సిడీ మీదో ఉపాధి కూలి బకాయిల మీదో ప్రశ్న రాస్తే పేపరు కటింగులా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండు. "మనోళ్లే, చిన్న ప్రశ్న, టైప్ చేసి తెచ్చాం, వేసేయండి" అని కాగితం చేతిలో పెట్టేవాళ్లు వస్తారు. కాంట్రాక్టర్లు, కంపెనీల తరఫు మనుషులు, ఒక్కోసారి చుట్టాలు కూడా. తీసుకోవద్దు. 2005 డిసెంబరులో డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసిన వ్యవహారంలో లోక్‌సభలో పది మంది, రాజ్యసభలో ఒకరు సభ్యత్వం పోగొట్టుకున్నారు. సార్ లాగిన్, ఓటీపీ ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఎవరైనా నిజంగా ప్రజల సమస్యే చెప్తే విని, నీ మాటల్లో నువ్వే రాసి, సార్‌కు చదివి వినిపించి, ఆయన ఊ అన్నాకే పంపు.

వచ్చే సమావేశాల తేదీలు ఇంకా రాలేదు కదా. ఈలోగా మర్రిగూడ వైపు ఒకసారి పోయిరా. పీహెచ్‌సీలో ఫ్లోరోసిస్ రిజిస్టరు ఉందో లేదో, ఉంటే చివరి పేరు ఎప్పుడు ఎక్కించారో చూసి ఆరోగ్య శాఖ ప్రశ్న రాయి. నాకు వాట్సాప్‌లో పంపు, 150 మాటల్లో కుదిరేలా ఇద్దరం కూర్చుని సరిచేద్దాం. వచ్చేటప్పుడు మీ నాన్నను కూడా తీసుకురా.

ఇట్లు,
మీ పెద్దనాయన