శ్రుతి తప్పిన రికార్డు, చెవి గుర్తు లేని రికార్డు: జాజ్ సేకర్తల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల జాజ్ రికార్డుల గురించి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఎంచుకున్నాను. నాలుగూ విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వచ్చినవే. మొదటి రెండు ఉత్తరాల వారూ డబ్బు ఖర్చు పెట్టబోతూ ఆగి అడిగారు కనుక వారికి కొంత వివరంగా జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: నేను విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, ప్రస్తుతం ఇంటి దగ్గర పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ నా దగ్గర పాత అమెరికన్ ఎల్‌పీగా ఒకటి, సీడీగా ఒకటి ఉన్నాయి. సీడీతో కలిసి వాయిస్తే నా వయొలిన్ చక్కగా కలుస్తోంది. ఎల్‌పీ మొదటి వైపు మాత్రం శ్రుతి హెచ్చుగా ఉంటోంది. రెండో వైపుకు తిప్పితే మళ్లీ సరిపోతోంది. టర్న్‌టేబుల్ బాగుచేసే ఆయన మోటారు మార్చాలంటున్నారు. మార్చమంటారా?
— ఒక వయొలిన్ ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మార్చవద్దు. మోటారు వేగంగా తిరుగుతున్నట్లయితే రెండు వైపులా శ్రుతి పెరగాలి కాని, ఒక వైపే పెరగదు. మీ చెవి పట్టుకున్న తేడా ఆ రికార్డులోనే ఉంది. 1959లో అది విడుదలైన నాటి నుంచీ ఉంది.

ఈ సంగీతాన్ని న్యూయార్క్‌లో, ఒకప్పటి చర్చిని స్టూడియోగా మార్చుకున్న కొలంబియా రికార్డు కంపెనీ వారి 30వ వీధి భవనంలో రెండు విడతలుగా రికార్డు చేశారు. మొదటి విడత 1959 మార్చి 2న, రెండోది ఏప్రిల్ 22న జరిగింది. మొదటి వైపున ఉన్న మూడు రచనలూ మార్చి నాటివి, రెండో వైపున ఉన్న రెండూ ఏప్రిల్ నాటివి. మార్చి 2న పనిచేసిన టేపు యంత్రాలలో ఒకటి ఉండవలసినదానికన్నా కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగిన టేపును సరైన వేగంతో వినిపిస్తే సంగీతం పరుగెత్తుతుంది, శ్రుతి పైకి లేస్తుంది. దురదృష్టవశాత్తు ఎల్‌పీ తయారీకి వాడినది ఆ యంత్రం మీద నమోదైన టేపే. ముందుజాగ్రత్తగా రెండో యంత్రం మీద తీసి దాచిన టేపు సరిగానే ఉంది. దానిని బయటికి తీసి, 1992లో వెలువడిన ముద్రణలో ఈ లోపాన్ని సరిదిద్దారు. మధ్యలో గడిచిన ముప్పై మూడేళ్లలో ఈ ఎల్‌పీని కొన్నవారందరూ విన్నది మీరు ఇప్పుడు వింటున్న హెచ్చు శ్రుతినే.

తంబూరాతో పరీక్షించి చూడండి. మొదటి వైపు మొదటి రచన ‘సో వాట్’ ముప్పై రెండు బార్ల (మన తాళావర్తాల వంటి కొలతల) నిర్మాణం. అందులో పదహారు బార్లు మన లెక్కలో రెండు శ్రుతిలోను, తరువాతి ఎనిమిది రెండున్నరలోను నడిచి, చివరి ఎనిమిదికి మళ్లీ రెండుకు దిగుతాయి. రెండు చోట్లా వాడినవి ఖరహరప్రియ స్వరస్థానాలే. (స్వరస్థానాలు కలిశాయన్నంత మాత్రాన అది రాగం కాదు, గమకం లేని చోట రాగం పేరు పెట్టడం నాకు రుచించదు. గుర్తు కోసం చెబుతున్నానంతే.) తంబూరాను రెండు శ్రుతికి బిగించి వింటే, సరిదిద్దిన ముద్రణ దానిలో కలిసిపోతుంది, పాతది రెండుకూ రెండున్నరకూ నడుమ ఎక్కడో వేలాడుతుంది. రెండో వైపున ఉన్న ‘ఆల్ బ్లూస్’కు అయిదు శ్రుతి పెట్టి చూడండి, పాత ఎల్‌పీలోనూ సరిపోతుంది.

ఈ సందర్భంలోనే ఇంకొక మాట చెప్పాలి. మన వైపు చాలా ఇళ్లలో పిల్లలు అమెరికా నుంచి తెచ్చిన టర్న్‌టేబుళ్లు ఉన్నాయి. అక్కడి విద్యుత్తు 60 హెర్ట్జ్, మనది 50. కరెంటు తరచుదనాన్ని బట్టి తిరిగే పాత రకం మోటారు ఉన్న యంత్రాన్ని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఇక్కడ నడిపితే వోల్టేజి సరిపోతుంది కాని వేగం ఆరో వంతు తగ్గిపోతుంది. అప్పుడు శ్రుతి దిగుతుంది. మీది దానికి విరుద్ధమైన సమస్య. వేగం మీద ఇంకా అనుమానం ఉంటే స్ట్రోబ్ కార్డు వాడండి. టర్న్‌టేబుల్ మీద పెట్టి తిప్పే గీతల చక్రం అది, వేగం సరిగా ఉంటే దీపం వెలుతురులో గీతలు కదలకుండా నిలబడినట్లు కనిపిస్తాయి. 33⅓ వేగానికి మన 50 హెర్ట్జ్ కార్డు మీద 180 గీతలు ఉంటాయి, అమెరికా కార్డు మీద 216 ఉంటాయి. చాలా ఎల్‌ఈడీ దీపాల కింద గీతలు సరిగా నిలబడి కనిపించవు కనుక పాత ఫిలమెంటు బల్బు వెలుతురులో చూడాలి.

ఇక కొనవలసినది ఏది? పిల్లలతో కలిసి వాయించడానికి మీ సీడీ చాలు. ఎల్‌పీయే కావాలంటే సరిదిద్దిన టేపు నుంచి చేసిన కొత్త ముద్రణ కొనండి. అమ్మేవారు ఆ సంగతి చెప్పలేకపోతే, ఒకే యంత్రం మీద రెండు వైపుల నుంచీ ఒక్కొక్క నిమిషం ఫోనులో రికార్డు చేసి పంపమని అడగండి. వారి యంత్రం వేగం తప్పుగా ఉన్నా నష్టం లేదు, రెండు వైపుల మధ్య తేడా ఉందో లేదో తేలితే మనకు కావలసిన సమాధానం దొరికినట్లే. పాత ఎల్‌పీని మాత్రం అమ్మవద్దు.

ప్రశ్న: జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గన్ ఎల్‌పీ ‘ది సైడ్‌వైండర్’కు బ్లూ నోట్ కంపెనీ తొలి ముద్రణ అని చెప్పి ఒక వ్యాపారి ముప్పై అయిదు వేలు అడుగుతున్నారు. లేబుల్ మీద ‘న్యూయార్క్, యూఎస్ఏ’ అని ఉంది. లోపలి ఖాళీ పట్టీ మీద ‘వాన్ గెల్డర్’ అనే ముద్ర కూడా ఉంది. ఫొటోలు జతపరుస్తున్నాను. ధర సమంజసమేనా?
— ఒక బ్యాంకు ఉద్యోగి, శ్రీకాకుళం

జవాబు: మీరు పంపిన ఫొటోలలో ఉన్న రెండు గుర్తులూ నిజమైనవే. అయినా అవి తొలి ముద్రణను రుజువు చేయవు. ఉండవలసిన మూడో గుర్తు ఆ పట్టీ మీద ఎక్కడా కనిపించడం లేదు.

1939లో ప్రారంభమైన బ్లూ నోట్ కంపెనీకి సొంత ప్రెస్సు లేదు. చాలాకాలం వారి రికార్డులను ప్లాస్టీలైట్ అనే కర్మాగారం అచ్చువేసేది. పాట ముగిసిన తరువాత లేబుల్‌కు చేరేలోపు ఉండే ఖాళీ పట్టీలో ఆ కర్మాగారం తన గుర్తును వేసేది. పడుకున్న ఆంగ్ల ‘పి’ అక్షరంలా, చూడడానికి చెవిలా ఉంటుంది కనుక సేకర్తలు దానిని చెవి అంటారు. 1960ల మధ్యలో బ్లూ నోట్‌ను లిబర్టీ అనే రికార్డు సంస్థ కొనుగోలు చేయడంతో ఆ అచ్చు పని వేరే కర్మాగారాలకు వెళ్లి చెవి గుర్తు ఆగిపోయింది. అయితే మిగిలిపోయిన పాత లేబుళ్లను కొత్త యజమానులు పారవేయలేదు, అయిపోయేదాకా వాడుకున్నారు. అందువల్ల పాత చిరునామా లేబుల్ ఉండి చెవి లేని రికార్డులు లోకంలో చాలా ఉన్నాయి. మీకు చూపించినది అటువంటిదే కావచ్చు.

మరి వాన్ గెల్డర్ ముద్ర సంగతి? రూడీ వాన్ గెల్డర్ వృత్తిరీత్యా కంటి అద్దాల నిపుణుడు. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందు గదిలోనే రికార్డింగులు చేస్తూ, 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నారు. ‘సైడ్‌వైండర్’ అక్కడే 1963 డిసెంబరు 21న రికార్డు అయి మరుసటి ఏడు వచ్చింది. ఆయన తన చేత్తో కోసిన మూలపు పళ్లెం మీద ఆ ముద్ర వేసేవారు. దాని నుంచి తీసిన అచ్చులను లిబర్టీ వారు కూడా వాడారు కనుక ముద్ర వారి కాపీలకూ సంక్రమించింది. కాబట్టి ఆ ముద్రను బట్టి మీకు తెలిసేది గాడి ఎవరు కోశారన్నది. ఆ కాపీ ఏ సంవత్సరంలో అచ్చయిందో దానిని బట్టి తెలియదు.

ఇందులో మీకు లాభం కూడా ఉంది. గాడి కోసినది అదే మనిషి కనుక లిబర్టీ కాపీ శబ్దం చాలా బాగుంటుంది. బేరం కూడా ఆ మేరకు దించవచ్చు. ‘చెవి కనిపించడం లేదండీ, రెండు వైపులా పట్టీని ఏటవాలు వెలుతురులో మరొకసారి ఫొటో తీసి పంపండి’ అని వ్యాపారికి మర్యాదగా రాయండి. ఆ ఒక్క వాక్యంతో మీరు తెలిసినవారని ఆయన గ్రహిస్తారు. ‘వీజీ ప్లస్’ (చాలా బాగుంది అనేదానికన్నా ఒక మెట్టు పైన) వంటి నాణ్యత గ్రేడు చెబితే, అది కంటితో చూసి ఇచ్చినదా లేక వాయించి విని ఇచ్చినదా అని కూడా అడగాలి. విదేశం నుంచి తెప్పించుకునే పక్షంలో తపాలా, కస్టమ్స్ సుంకం, కొరియర్ వారి అదనపు రుసుము కలుపుకున్నాకే ధర తేల్చుకోండి.

నా సొంత అభిప్రాయం అడిగితే, ముప్పై అయిదు వేలు ఒక్క రికార్డు మీద పెట్టను. బ్లూ నోట్ వారే 2019 నుంచి ‘టోన్ పొయెట్’ అనే వరుసలో తమ పాత సంగీతాన్ని అసలు టేపుల నుంచి కొత్తగా గాడి కోయించి విడుదల చేస్తున్నారు. ఆ సొమ్ముతో అటువంటివి అనేకం వస్తాయి, పైగా నిశ్శబ్దంగా వాయిస్తాయి. చవకగా దొరికే కొన్ని యూరప్ ముద్రణలతో మాత్రం జాగ్రత్త. అక్కడి చట్టం ప్రకారం 1962 దాకా విడుదలైన రికార్డింగులకు హక్కుల గడువు తీరిపోయింది కనుక ఎవరైనా ముద్రించవచ్చు. అసలు టేపులు మాత్రం హక్కుదారుల దగ్గరే ఉంటాయి. అట్ట మీద ‘180 గ్రాములు’ అని అంటించిన చీటీ బరువు సంగతి చెబుతుంది, లోపలి శబ్దం ఏ మూలం నుంచి తీసుకున్నారో చెప్పదు.

ప్రశ్న: మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనిచేస్తూ కలకత్తా నుంచి తెచ్చిన గ్రామఫోను ప్లేట్లు ఒక పెట్టెడు ఉన్నాయి. పద్యాలతో పాటు టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే పేరుతో ఇంగ్లీషు బ్యాండు ప్లేట్లు కూడా రెండున్నాయి. 2018 తిత్లీ తుపానులో పెట్టె తడిసింది. తరువాత కొన్న ఎల్‌పీలు కూడా అందులోనే ఉన్నాయి. ఇప్పుడు అన్నిటికీ బూజు పట్టింది. శానిటైజరుతో తుడవవచ్చునా?
— ఒక గృహిణి, పలాస

జవాబు: అమ్మా, ప్లేట్లకు శానిటైజరు తగలనివ్వవద్దు. 78 వేగపు పాత ప్లేట్లు లక్కతో చేసినవి, ఆల్కహాలు లక్కను కరిగించివేస్తుంది. పొడి బూజును ముందు ఆరుబయట మెత్తటి కుంచెతో దులపండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తరువాత డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క పాత్రలు తోమే ద్రవం కలిపి, మెత్తటి గుడ్డను తడిపి పిండి, గాడి వెంట గుండ్రంగా తుడవండి. లేబుల్ తడవకూడదు. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎల్‌పీలకూ ఇదే పద్ధతి. ఎండలో మాత్రం పెట్టవద్దు. విజయనగరంలో పాత సామాన్ల కొట్లో కొన్న నాలుగు ఎల్‌పీలను నేను ఒక వేసవి ఉదయం డాబా మీద ఆరబెట్టి, కాఫీ తాగి వచ్చేసరికి నాలుగూ అప్పడాల్లా వంగిపోయాయి.

తడిసిన పాత కాగితపు కవర్లను పారవేయండి, బూజు వాటిలోనే దాగి ఉంటుంది. చిత్రం ఉన్న అట్టలను మాత్రం విడిగా ఆరబెట్టి దాచండి. అన్నిటినీ పుస్తకాల్లా నిలువుగా, నేలకు ఎత్తుగా, గోడకు ఆనకుండా అమర్చండి.

ఆ రెండు ప్లేట్లనూ ఎవరికీ ఇచ్చివేయకండి. వెదర్‌ఫర్డ్ అమెరికా నుంచి వచ్చిన పియానో వాద్యకారుడు. కలకత్తా గ్రాండ్ హోటల్లో బ్యాండు నడిపి, అక్కడే కొలంబియాకు రికార్డులిచ్చి, 1945లో ఆ నగరంలోనే కలరాతో కన్నుమూశారు. మన రైలు మార్గం వెంట ఊరూరా తిరిగితే ఇటువంటివి ఇంకా కొన్ని బయటపడతాయని నాకు ఆశ. వాటిని ఎల్‌పీ ముల్లుతో వాయించవద్దు. 78 ప్లేటు గాడి చాలా వెడల్పు. ఎల్‌పీ ముల్లు మొన ఒక అంగుళంలో వెయ్యో వంతుకు మించదు, 78 ప్లేటుకు సుమారు మూడు వెయ్యో వంతులుండాలి. సన్నని ముల్లు గాడి అడుగున ఈడ్చుకుపోయి బరబరమనే చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, చేతిలో డబ్బు లేదు. రికార్డు కొనకుండా జాజ్‌ను మొదటి నుంచి వినడం సాధ్యమా?
— ఒక విద్యార్థి, రాజాం

జవాబు: సాధ్యమే. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ‘నేషనల్ జ్యూక్‌బాక్స్’లో పాత విక్టర్ ప్లేట్లను ఉచితంగా వినవచ్చు. జాజ్ పేరుతో వచ్చిన తొలి రికార్డుగా చెప్పే 1917 నాటి ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండుతో మొదలుపెట్టి, ఆ తరువాత 1923లో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని జెనెట్ స్టూడియోలో కింగ్ ఆలివర్ బృందం ఇచ్చినవి వెతుక్కోండి. ఆ బృందంలో రెండో కార్నెట్ (ట్రంపెట్ వంటి చిన్న బాకా) వాయించిన యువకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన 1925 నవంబరులో సొంతంగా హాట్ ఫైవ్ పేరుతో ఇచ్చిన రికార్డులను వెంటనే వినండి, రెండేళ్లలో ఆ సంగీతం ఎంత మారిందో మీకే తెలుస్తుంది. అప్పటికి కొనాలనిపిస్తే పాత సీడీలతో ప్రారంభించండి. అందరూ ఎల్‌పీల వెంట పడుతున్నారు కనుక అవి ఇప్పుడు చాలా చవక. కొనేముందు వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసి, సూది బెజ్జాల్లాంటివి కనిపిస్తే వదిలేయండి.