బరోలో బాగాలేదన్న అల్లుడికి

మిర్యాలగూడ,
ఆదివారం

అల్లుడూ,

నీ ఫోన్ తర్వాత రెండు రోజులు నవ్వుకున్నాను. ఇటలీ నుంచి నీ ఫ్రెండ్ బరోలో అనే అంత ఖరీదైన రెడ్ వైన్ తెచ్చిస్తే, మిర్చి బజ్జీలు ముందు పెట్టుకుని, ఐస్ ముక్కలు వేసుకుని తాగి, "రంగు చూస్తే షర్బత్, నోట్లో పోసుకుంటే నాలుక పట్టేసింది మామా" అంటావా! తప్పు నాదేలే. 26 ఏళ్లు హైదరాబాద్ హోటళ్లలో బార్ కౌంటర్ వెనక నిలబడ్డ మామ ఉండి కూడా నీకు కల్లు తప్ప ఏమీ నేర్పలేదు. ఫోన్‌లో చెబితే మధ్యలో లేచిపోతావు, అందుకే రాస్తున్నా.

నాలుక పట్టేసింది అన్నావే, అది వగరు. ద్రాక్ష తొక్కలోంచి, గింజల్లోంచి దిగే టానిన్ వల్ల వస్తుంది. మన గుట్టల మీది తంగేడు బెరడుతో వెనకట తోళ్లు ఊనేవాళ్లు. ఆ బెరడులో ఉండేదీ టానినే. తోలును పట్టుకున్నట్టే మన ఉమ్మిలోని ప్రొటీన్లనూ పట్టుకుంటుంది, దాంతో నోరు పొడిబారుతుంది. దోర నేరేడు కొరికితే అయ్యేదీ ఇదే. రెడ్ వైన్‌లో వగరు ఉందని మొహం తిప్పుకోకు, అది ఎలాంటి వగరో చూడు. చిగుళ్లకు గరుకుగా గీసుకుంటోందా, బాగా పండిన నేరేడులా మెత్తగా పరుచుకుంటోందా? సగం పని అక్కడే అయిపోతుంది.

బరోలోని నెబ్బియోలో అనే ద్రాక్షతో చేస్తారు. రంగు పలచన, వగరు మాత్రం మామూలుగా ఉండదు. కోత కోసిన ఏడాది నవంబర్ నుంచి లెక్కేసి కనీసం 38 నెలలు ఉంచాకే అమ్మాలని అక్కడి రూలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఆ తర్వాత కూడా ఇంకొన్నేళ్లు ఆగితే గానీ దాని పొగరు దిగదు. వాసన చూస్తే ఎండిన గులాబీ రేకులు, కొత్తగా రోడ్డు వేసేటప్పటి తారు. నిజంగా తారే! నువ్వు ఐస్ వేసి ఆ రెంటినీ చంపేశావు. మరీ చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది, వగరు ఇంకా రెచ్చిపోతుంది.

అలాగని 'రూమ్ టెంపరేచర్' అన్న మాట నమ్మకు. ఆ రూము మనది కాదు, చలిదేశాలది. 16 నుంచి 18 డిగ్రీలు చాలు. మన ఎండలకు బాటిల్‌ని అరగంటో ముప్పావుగంటో ఫ్రిజ్‌లో పెట్టి తీయాలి. నేనొకసారి మే నెలలో హైదరాబాద్ నుంచి మంచి బాటిల్ కొని కారు డిక్కీలో పడేశాను. నార్కట్‌పల్లి దగ్గర భోజనానికి ఆగి గంటన్నర కబుర్లలో పడ్డాను. ఇంటికొచ్చి చూస్తే బిరడా పైకి తన్నుకొచ్చి, మూతి చుట్టూ జిగురు కారి ఉంది. తాగితే ఉడకబెట్టిన జామ్ రుచి. ఆ డబ్బుల సంగతి మీ అత్తకు ఇప్పటికీ తెలియదు.

పోద్దాడు కల్లుకీ పండుతాడు కల్లుకీ తేడా రేక పట్టి ఒక్క గుక్కలో చెప్పేస్తావు కదా. పుస్తకం చదివి నేర్చుకున్నావా? పక్కపక్కన తాగి నేర్చుకున్నావు. ఇక్కడా అంతే. పూణేలో ఉన్నావు, నాసిక్‌లో షిరాజ్ అనే ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ చవగ్గా దొరుకుతుంది. అదొకటి, వేరే ద్రాక్షది ఇంకొకటి కొను. మూతి ముడుచుకున్న గాజు గ్లాసుల్లో మూడో వంతు పొయ్యి. ముందు కదపకుండా వాసన చూడు, తర్వాత తిప్పి చూడు. చిన్న గుక్క తీసుకుని, సాసర్లో చాయ్ జుర్రుకున్నట్టు కాస్త గాలి లాగు. ఎవరేమనుకుంటారో అని సిగ్గుపడకు.

వాసనకు పేర్లు పెట్టేటప్పుడు బ్లాక్‌కరెంట్, సెడార్ అని బాటిల్ వెనక రాసింది అప్పజెప్పొద్దు. బ్లాక్‌కరెంట్ నువ్వెప్పుడైనా తిన్నావా? పరికి పండు, లవంగం, పాత చింతపండు, తాత చుట్ట, తొలివాన పడ్డ చెలక, ఇలా నీకు తెలిసినవి రాసుకో. షిరాజ్‌లో మిరియాల వాసన దొరక్కపోతే టెన్షన్ పడకు. దానికి కారణం రోటండోన్ అనే పదార్థమని 2008లో ఆస్ట్రేలియావాళ్లు తేల్చారు, పరీక్షించినవాళ్లలో అయిదుగురికి ఒకరికి ఆ వాసనే అందలేదట. మీ అత్తకూ అందదు, నేను కోతలు కోస్తున్నానంటుంది.

ఎప్పుడైనా జార్జియా దేశపు సాపెరవి ద్రాక్ష వైన్ కనబడితే వదలకు. మామూలు నల్లద్రాక్ష ఒలిస్తే లోపల తెల్లగానే ఉంటుంది, రంగంతా తొక్కదే. సాపెరవికి గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది. అక్కడ మట్టి కాగులను భూమిలో పాతి వైన్ పులియబెట్టే పద్ధతి ఉంది, 2013లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. లొట్టిలో కల్లు తాగి పెరిగినవాళ్లం, మట్టికుండ సంగతి మనకు వేరే చెప్పాలా?

బజ్జీలు మాత్రం మానెయ్యి. కారం మీద వగరు పడితే నోరు ఇంకా మండుతుంది. కొవ్వున్న మటన్ పెట్టుకో, వగరు దానికి లొంగుతుంది.

దసరాకి వచ్చేటప్పుడు ఒక బాటిల్ తీసుకురా. డిక్కీలో కాదు, కాళ్ల దగ్గర పెట్టుకో. మా అక్క, అదే మీ అమ్మ, కంటపడనివ్వకు. తలకాయ కూర నేను చేయిస్తాను. కారం తగ్గించమని మీ అత్తకు చెప్పే పని నాది కాదు, అది నువ్వే చూసుకో.

మీ మామ