మెదడు స్కాన్లపై పరిశోధనకు ఎంబీబీఎస్ తప్పనిసరా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనంటోంది. మెదడు ఎలా పనిచేస్తుందో స్కాన్లతో పరిశోధించే చదువు చదువుతానంటోంది. డాక్టర్ కాకపోతే ఆ మెషిన్ దగ్గరికే రానివ్వరని మా బంధువులు అంటున్నారు. హైదరాబాద్‌లోనే ఉండి చదవడం కుదురుతుందా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఎంబీబీఎస్ అక్కర్లేదండీ. మీ బంధువుల మనసులో ఉన్నది ఆసుపత్రి స్కాన్. అక్కడ స్కాన్ తీసేది ఇమేజింగ్ టెక్నాలజీ చదివిన టెక్నీషియన్, రిపోర్టు రాసేది రేడియాలజీ డాక్టర్. వాళ్లు వెతికేది జబ్బును. మీ అమ్మాయి అడుగుతున్నది వేరే పని. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక ముఖాన్ని గుర్తుపడుతున్నప్పుడు, ఒక మాట వింటున్నప్పుడు మెదడులో ఏ భాగం ఎంత చురుగ్గా ఉందో తేల్చే పని అది. సైకాలజీ నుంచి, ఇంజినీరింగ్ నుంచి, ఫిజిక్స్ నుంచి వచ్చినవాళ్లు ఇందులో ఉన్నారు. వీళ్లలో ఎవరికీ తప్పనివి లెక్కలు. బైపీసీ విద్యార్థి ముందుగా ఆలోచించాల్సింది దాని గురించే.

ఎందుకో చెబుతాం. ఈ పరిశోధనలో వాడే స్కాన్ ఫంక్షనల్ ఎంఆర్ఐ. అది న్యూరాన్ల (మెదడు కణాల) పనిని నేరుగా చూడదు. చురుగ్గా ఉన్న చోటికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రంలో వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. 1990లో సెయిజీ ఒగావా బృందం ఈ తేడాను ఎలుకల మెదడులో చూపింది, 1992కల్లా మనుషుల మీద ఫలితాలు వచ్చాయి. 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) మెషిన్‌లో కూడా ఈ మార్పు సాధారణంగా ఒకటి రెండు శాతమే. పైగా బొమ్మ చూపించాక 5, 6 సెకన్లకు గానీ అది గరిష్ఠానికి చేరదు. ఈలోగా తల అర మిల్లీమీటరు కదిలినా, ఆ కదలిక వల్ల వచ్చే మార్పు అసలు సంకేతాన్ని మించిపోగలదు. తలకు రెండు పక్కలా స్పాంజి పెట్టి, ఆ తర్వాత కంప్యూటర్లో కదలికను సవరించి, అప్పటికీ పనికిరాని భాగాలను పక్కన పెడతారు. స్కాన్ గంటలో అయిపోతుంది. దాన్ని విశ్లేషించడానికి నెలలు పడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. మెదడును 3 మిల్లీమీటర్ల ఘనాలుగా విడగొడితే సుమారు 50,000 వస్తాయి. వీటిని వోక్సెల్స్ అంటారు. ఒక్కోదానికి విడివిడిగా 5 శాతం పొరపాటుకు వీలిచ్చి పరీక్షిస్తే, మెదడు ఏమీ చేయకపోయినా దాదాపు 2,500 చోట్ల ఏదో జరిగినట్టు కనిపిస్తుంది. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిపోయిన సాల్మన్ చేపను స్కానర్లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించింది. ఈ పొరపాటును సవరించకుండా లెక్కకడితే ఆ చేప మెదడులోనూ చురుకుదనం కనిపించింది. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనంలో ఒకే డేటాను 70 బృందాలకు ఇచ్చారు. అడిగిన ప్రశ్నలు తొమ్మిదే, అయినా చాలా వాటికి బృందాల జవాబులు కలవలేదు. రంగురంగుల మెదడు బొమ్మ చూసి ఈ రంగం మీద మోజు పడే పిల్లలకు మేం ముందు ఈ రెండు సంగతులే చెబుతాం. ఇవి విన్నాక ఆసక్తి ఇంకా పెరిగితే ఆ అమ్మాయి ఈ రంగానికి తగినదే.

డిగ్రీలో చేరేముందు ఖర్చులేని పరీక్ష ఒకటి పెట్టుకోండి. ఇంటర్ పరీక్షలయ్యాక వచ్చే సెలవులు చాలు. మొదటి నెల పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి. తర్వాత నైలెర్న్ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీతో, హాక్స్‌బీ అనే శాస్త్రవేత్త బృందం 2001లో ప్రచురించిన అధ్యయనం డేటా తెచ్చుకోవాలి. ముఖాలు, ఇళ్లు, పిల్లులు, కుర్చీల వంటి ఎనిమిది రకాల బొమ్మలు చూస్తున్న ఆరుగురి స్కాన్లు అందులో ఉన్నాయి. ఒక్క మనిషి డేటాతో మొదలుపెడితే సరిపోతుంది. ఇంట్లో మంచి కంప్యూటర్ లేకపోతే బ్రౌజర్లోనే కోడ్ నడిపే గూగుల్ కొలాబ్‌లో చేయొచ్చు. ఏ బొమ్మ చూస్తున్నారో స్కాన్ నుంచే కంప్యూటర్ చేత ఊహింపజేయడం ఇక్కడ చేయాల్సిన పని. కొత్తవాళ్లు ఇక్కడ రెండు తప్పులు చేస్తారు. రక్తప్రవాహం ఆలస్యాన్ని మరిచిపోయి, బొమ్మ చూపిన క్షణానికే స్కాన్‌ను జతచేయడం మొదటిది. ఒకే రన్‌లోని (ఆపకుండా ఒక విడతలో తీసిన) స్కాన్లను కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షించడానికి పంచడం రెండోది. పక్కపక్క స్కాన్లు ఒకదానితో ఒకటి పోలి ఉంటాయి కాబట్టి అప్పుడు మార్కులు దొంగగా పెరుగుతాయి. ఒక రన్‌ను పూర్తిగా పక్కన పెట్టి, మిగతా వాటితో నేర్పి, పక్కన పెట్టిన దానితో పరీక్షించాలి. ఈ పని విసుగనిపిస్తే నెలలోపే తెలిసిపోతుంది, డిగ్రీలో మూడేళ్లు పోవు.

ఇక కాలేజీల సంగతి. మా మొదటి సూచన బయోమెడికల్ ఇంజినీరింగ్. ఎప్‌సెట్ బైపీసీ విభాగం నుంచి ఇందులో చేరవచ్చు, లెక్కలూ సిగ్నల్ ప్రాసెసింగూ కోర్సులోనే నేర్పుతారు. మొదటి ఏడాది లెక్కల్లో కష్టపడాలి, అది ముందే ఒప్పుకుని చేరాలి. అది వద్దనుకుంటే దోస్త్‌లో సైకాలజీతో పాటు కంప్యూటర్ సబ్జెక్టు ఉన్న డిగ్రీ చూడండి. మాత్రికలు, సంభావ్యత, రిగ్రెషన్ మాత్రం పక్కన సొంతంగా చదవాలి. ఆ తర్వాత గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. ఎమ్మెస్సీ ప్రవేశం సీయూఈటీ పీజీతో. ఆ దగ్గర్లోనే ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. భారతీయుల మెదడు కొలతలతో 2019లో వెలువడ్డ ఐబీఏ 100 అట్లాస్ ఈ ట్రిపుల్ ఐటీ వాళ్లదే. పీహెచ్‌డీ దాకా ఊరు దాటకుండా చదవొచ్చు. అయినా మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ, బెంగళూరులోని నిమ్హాన్స్, ఐఐఎస్సీలను ముందే కాదనుకోకండి.

ఎంఆర్ఐ సమయం ఖరీదైనది కాబట్టి చాలామంది విద్యార్థులు ఈఈజీతో, అంటే తలపై ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పద్ధతితో మొదలుపెడతారు. రక్తం కోసం ఆగకుండా మిల్లీసెకన్లలో విద్యుత్ మార్పును పట్టడం దీని బలం, ఎక్కడి నుంచి వచ్చిందో కచ్చితంగా చెప్పలేకపోవడం బలహీనత. మన దగ్గర దీనికి మొదటి అడ్డంకి తలనూనె. నూనె ఉంటే ఎలక్ట్రోడ్ చర్మానికి సరిగా అంటదు, నిరోధం పెరుగుతుంది, కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ రొద రికార్డింగంతా పరుచుకుంటుంది. ప్రయోగానికి వచ్చేవాళ్లకు ముందురోజే తలస్నానం చేసి, నూనె రాసుకోకుండా రమ్మని చెప్పాలి. రెప్పపాటు కూడా మెదడు సంకేతం కంటే చాలా పెద్దగా నమోదవుతుంది, దాన్ని వేరు చేయడం నేర్చుకోవాలి.

డబ్బు గురించి దాచకుండా చెబుతాం. డిగ్రీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్ల దారి ఇది. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదట్లో నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఫెలోషిప్ వస్తుంది. ప్రొఫెసర్ ఉద్యోగాలు తక్కువ. అందుకే విశ్లేషణ నైపుణ్యం ముఖ్యం. ఎమ్మెస్సీతో ఆగినా మెడికల్ ఇమేజింగ్, డేటా సైన్స్ ఉద్యోగాలకు అదే పనికొస్తుంది. ఏదైనా ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ అడిగేటప్పుడు మార్కుల జాబితా ఒక్కటే పంపవద్దు. హాక్స్‌బీ డేటాతో చేసిన కోడ్‌ను, అందులో ఎక్కడ తేడా వచ్చిందో, ఎలా సరిచేసిందో రాసిన ఒక పేజీని జతచేయమనండి.